తడిమి చూడగలిగే వాషింగ్ మెషిన్: 14 నెలల వాడకం తర్వాత

ఈ మెషిన్ మా ఇంటికొచ్చి 14 నెలలైంది. ముందు వైపు తలుపుండే రకం, 7 కిలోల బట్టలు పడతాయి. బాగా ఉతుకుతుందా అంటే ఉతుకుతుంది. చప్పుడు ఎక్కువా అంటే స్పిన్ తిరిగేటప్పుడు కాస్త ఎక్కువే, పక్క గదిలో తలుపేసుకుంటే వినపడదు. నీళ్లెన్ని తాగుతుంది, మరకలు ఎంత వదులుతాయి లాంటివి మీకు ఎక్కడైనా దొరుకుతాయి. నేను రాయాలనుకున్నది దాని నుదుటి మీదున్న ఒక నాబ్ గురించి, దాని పక్కనున్న నాలుగు బటన్ల గురించి. నాకు కళ్లు కనపడవు. ఈ మెషిన్‌ని మొదటి నుంచి చివరిదాకా ఎవరినీ పిలవకుండా నేనే నడుపుతున్నాను.

కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇదే కంపెనీ ఇదే సైజు మెషిన్‌ని పూర్తి టచ్ ప్యానెల్‌తో కూడా అమ్ముతోంది. పేరు చూసి ఆర్డర్ పెడితే అదే మీ ఇంటికి రావచ్చు. పేరు చెప్పడం కంటే కొనేముందు ఏం చూసుకోవాలో చెబితేనే ఎక్కువ ఉపయోగం.

నాది రెటినైటిస్ పిగ్మెంటోసా. కంటి వెనకనుండే రెటినాలో మసక వెలుతురులో చూడటానికి పనికొచ్చే రాడ్ కణాలు ముందు పోతాయి. అందుకే ఈ జబ్బు చాలామందిలో రేచీకటితో మొదలవుతుంది. తర్వాత పక్కచూపు తగ్గుతూ తగ్గుతూ, గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యలో కొంచెం మిగులుతుంది. ఆ తర్వాత రంగుల్నీ అక్షరాల్నీ చూపించే కోన్ కణాలూ దెబ్బతింటాయి. నాకు 23 ఏళ్లప్పుడు డాక్టర్ పేరు చెప్పారు. ఇప్పుడు 47. కిటికీ ఎటుందో తెలుస్తుంది, అంతే. ఇంట్లోంచే రికార్డింగులు విని టైప్ చేసే పని చేస్తాను. మా ఆవిడ పొద్దున్నే ఆఫీసుకి వెళ్తుంది కాబట్టి పెళ్లయినప్పటి నుంచీ బట్టలుతికే పని నాది. చూపు తగ్గుతున్న రోజుల్లోనూ ఆ పని వదల్లేదు. ఇంట్లో నా వంతు పని నేను చేయడం నాకు చాలా ముఖ్యం.

ఇంతకుముందున్న మెషిన్ గురించి చెప్పకపోతే ఈ నాబ్ విలువ మీకు తెలియదు. అది బహుమతిగా వచ్చింది, మంచి మెషినే. ముందంతా నున్నటి గాజు పలక. గాజు మీద చెయ్యి పెడితే ఎక్కడ బటన్ ఉందో, ఎక్కడ ఖాళీ ఉందో తేడా లేదు. చల్లగా, చదునుగా, పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే. కొన్న కొత్తలో మా ఆవిడ నా వేలు పట్టుకుని నేర్పించింది. "అంచు నుంచి జానెడు ఇవతలికి రండి, అక్కడ స్టార్ట్." జానెడు కొలుచుకుంటూ నాలుగైదు రోజులు బాగానే చేశాను.

తర్వాత ఒకరోజు మా అత్తగారు స్వయంగా అల్లి ఇచ్చిన ఊలు శాలువా వేశాను. స్టార్ట్ కోసం వేలు జరుపుతుంటే దారిలో వేడి మార్చే చోట తాకింది. బీప్ అంది. సరే, ఏదో అయిందని వేలు తీసి మళ్లీ పెట్టాను. ఇంకో బీప్. ఏ బీప్ దేనిదో తెలియదు, అన్నీ ఒకే గొంతు. చివరికి మెషిన్ కదిలింది, నీళ్లు పడుతున్న శబ్దం వచ్చింది, పనైపోయిందనుకున్నాను. గంటన్నర తర్వాత శాలువా తీస్తే పసిపిల్లకి కప్పేంత అయింది. 60 డిగ్రీల్లో ఉతికింది. ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడినీళ్లలో అటూ ఇటూ తిప్పితే అవి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని బిగుసుకుపోతాయి, మళ్లీ విప్పలేం. చేతిలో పట్టుకుంటే మెత్తటి అల్లిక పోయి అట్టలా ఉంది. మా ఆవిడ "పోనీలెండి" అంది. ఆ మాటకే నాకు గొంతు పట్టేసింది.

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. నేను చేసిన తప్పేంటి? స్టార్ట్ ఎక్కడుందో వెతికాను. అంతే కదా. మీరు మెషిన్ ముందు నిలబడినప్పుడు మొదట కళ్లతో వెతుకుతారు. కాటన్ ఎక్కడుంది, వేడి ఎంతుంది, స్టార్ట్ ఎటుంది అని చూపు అంతటా తిరుగుతుంది. ఎంతసేపు తిరిగినా ఏదీ ఆన్ అవదు. చూశాక, నిర్ణయించుకున్నాక వేలు పెడతారు. నాకు చూపు వేళ్లలోనే ఉంది. మన భాషలో తడిమి 'చూస్తాం', పట్టుకు 'చూస్తాం', రుచి 'చూస్తాం'. చూడటం కంటి ఒక్కదాని పని కాదని మన మాటల్లోనే ఉంది. కానీ ఆ గాజు పలక మీద తడిమి చూసే వీలు లేదు. వేలు తగలగానే అది నొక్కినట్టే లెక్క. చూడటం, నొక్కడం రెండూ ఒకటే అయిపోయాయి. వెతకనివ్వకుండానే తప్పు చేయించే పలక అది.

ఈ ఒక్క ముక్క అర్థమయ్యాక నాకు నా మీద కోపం తగ్గింది. కానీ అది అర్థమవడానికి మూడేళ్లు పట్టింది, అప్పటిదాకా నాదే చేతకానితనం అనుకున్నాను.

ఆ మూడేళ్లు ఎలా గడిచాయో కూడా చెప్పాలి. గాజు మీద ఉబ్బెత్తు చుక్కల స్టిక్కర్లు అంటించాం. ఇలాంటి ప్యానెల్ మన వేలి వల్ల విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పుని పసిగట్టి పనిచేస్తుంది, కాబట్టి చుక్కని సరిగ్గా బటన్ మీద అంటించకుండా పక్కన అంటించాలి. అలాగే చేశాం. బటన్ దొరికింది గానీ ప్రోగ్రాం దొరకలేదు. ఎందుకంటే ప్రోగ్రాములన్నిటికీ ఒకటే బటన్. నొక్కిన కొద్దీ గుండ్రంగా తిరుగుతుంది, కిందటిసారి ఎక్కడ ఆపామో అక్కణ్నుంచి మొదలవుతుంది. అంటే ఎన్నిసార్లు నొక్కాలో లెక్కపెట్టుకునే దారి కూడా లేదు. తర్వాత కంపెనీ యాప్ పెట్టుకున్నాను. స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఫోన్‌లో ఉంటుంది, అది ఆ యాప్‌లోని ప్రతి గుర్తునీ "అన్‌లేబుల్డ్ బటన్, అన్‌లేబుల్డ్ బటన్" అని చదివింది. ఒక్కో బటన్‌కి ఒక్క మాట రాసి పెడితే సరిపోయేది. ఎవరూ రాయలేదు.

ఇక మిగిలింది మనుషుల్ని పిలవడం. మా అమ్మాయిని పిలిస్తే "నాన్నా, ఈ ఒక్క లెక్క అవనీ" అనేది. తప్పు లేదు, చదువుకునే పిల్ల. మా ఆవిడ ఆఫీసులో ఉంటే వీడియో కాల్ చేసి ఫోన్‌ని ప్యానెల్ వైపు తిప్పేవాణ్ని. "కొంచెం కిందకి, కాదు పైకి, ఆ, అక్కడ" అని ఆవిడ మీటింగ్ మధ్యలోంచి గుసగుసగా చెప్పేది. బట్టలుతికేది నేనే అని పేరుకే. ప్రతిసారీ ఇంకొకరి రెండు నిమిషాలు అప్పు తీసుకుంటున్నట్టుండేది. ఎవరూ విసుక్కోలేదు. విసుక్కోకపోయినా అడిగేవాడికి అడగడం అడగడమే.

ఇప్పుడు కొత్త మెషిన్.

నాబ్ నా అరచేతిలో సగం ఉంటుంది. అంచుకి సన్నటి గాట్లు ఉన్నాయి కాబట్టి సబ్బు చేత్తో పట్టుకున్నా జారదు. దాని మీద మధ్యలోంచి అంచు దాకా పొడుచుకొచ్చిన ఒక గీత ఉంది, గోరు తగిలేంత ఎత్తు. ఆ గీత ఎటు చూస్తోందో ఆ ప్రోగ్రాం. మొత్తం 12 స్థానాలు. అంటే గడియారం! 12 దగ్గర ఆఫ్. 1 దగ్గర కాటన్, 3 దగ్గర సింథటిక్, 6 దగ్గర తొందరగా ఉతికేది, 9 దగ్గర ఊలు, 11 దగ్గర నీళ్లు వదిలేసి స్పిన్ మాత్రం. ఎక్కడ ఏ వస్తువుందో గడియారం లెక్కలో చెప్పుకోవడం చూపు లేనివాళ్లకి అలవాటే, కాబట్టి నాకు ఇది ఒక్క పూటలో వచ్చేసింది.

ప్రతి స్థానం దగ్గరా నాబ్ 'టక్' మని కూర్చుంటుంది. చెవికి వినపడేది చిన్న శబ్దమే. అసలు సంగతి మణికట్టుకి తెలుస్తుంది. రెండు స్థానాల మధ్య కొంచెం బిగువు, తర్వాత జారి గుంటలో పడినట్టు. మధ్యలో ఆగదు. అందువల్ల "ఊలు దగ్గర ఉందా, దాని పక్కన ఉందా" అన్న టెన్షన్ లేదు. ముఖ్యంగా, మెషిన్ ఆఫ్‌లో ఉన్నా, ఆన్‌లో ఉన్నా నాబ్ ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ఉతుకు మధ్యలో వెళ్లి మెల్లగా గీతని ముట్టుకుని ఏ ప్రోగ్రాం నడుస్తోందో చూసుకుంటాను. ముట్టుకున్నంత మాత్రాన ఏమీ మారదు. తిప్పితేనే మారుతుంది. నేను చూడొచ్చు! ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు.

నాలుగు బటన్లూ నొక్కితే లోపలికి దిగేవి. స్టార్ట్ మిగతా మూడింటికంటే పెద్దది, మధ్యలో చిన్న గుంట. వేడి బటన్ నొక్కినప్పుడల్లా బీప్ వస్తుంది, చల్లనీళ్ల దగ్గరికి రాగానే ఆ బీప్ పొడుగ్గా వస్తుంది. అక్కణ్నుంచి ఒకటి నొక్కితే 20, రెండు నొక్కితే 40, మూడు నొక్కితే 60. స్పిన్ బటన్‌దీ ఇదే పద్ధతి, స్పిన్ లేనిచోట పొడుగు బీప్. ఈ పొడుగు బీప్ పెట్టాలన్న ఆలోచన వచ్చిన ఇంజనీర్ ఎవరో గానీ ఆ మనిషికి చేతులెత్తి దండం పెడతాను. ఖర్చు ఏముంటుంది అందులో? శబ్దం కొంచెం సాగదీశారు. నాకు మాత్రం లెక్క మొదలుపెట్టడానికి ఒక చోటు దొరికింది.

డిటర్జెంట్ అర లాగితే మూడు గదులు. గదుల అంచుల మీద ఒక నిలువు గీత, రెండు నిలువు గీతలు, ఒక పువ్వు ఉబ్బెత్తుగా అచ్చుపోసి ఉన్నాయి. ఇది చాలా మెషిన్లలో ఉంటుంది, అందరూ దాన్ని కంటితోనే చూస్తారు. అచ్చులోనే వచ్చింది కాబట్టి అరిగిపోదు, స్టిక్కర్‌లా ఊడిపోదు.

ఇది చదివి "అంటే టచ్ స్క్రీన్లు చూపు లేనివాళ్లకి పనికిరావన్నమాట" అనుకోవద్దు. అలా చెప్తే అబద్ధం అవుతుంది. నేను ఈ రాత అంతా రాస్తున్నది గాజు పలక ఫోన్‌తోనే. 2009లో ఐఫోన్ 3జీఎస్‌లో స్క్రీన్‌ని చదివి వినిపించే వాయిస్‌ఓవర్ వచ్చినప్పుడు చాలామంది నాలాంటివాళ్లు నమ్మలేదు. బటన్లే లేని ఫోన్ మనకెందుకు అనుకున్నారు. ఆపిల్ వాళ్లు చేసిన పని ఏంటంటే చూడటాన్నీ నొక్కడాన్నీ విడదీశారు. వేలు పెడితే కింద ఏముందో చదివి వినిపిస్తుంది, ఏదీ తెరుచుకోదు. రెండుసార్లు టకటకా తడితేనే తెరుచుకుంటుంది. 2011లో ఆండ్రాయిడ్ 4.0లో కూడా ఇలా వేలు జరుపుతూ వినే పద్ధతి వచ్చింది. గాజు అదే గాజు. నా వేలికి వెతుక్కునే హక్కు ఇచ్చారు, అంతే తేడా. కాబట్టి నా గొడవ గాజుతో కాదు. ఆ గాజు ముందు ఎవరెవరు నిలబడతారో ఆలోచించకుండానే డిజైన్ చేయడంతోనే.

అనుకుంటే ఎంత చిన్న పనితో సరిపోతుందో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. జపాన్‌లో కావో అనే కంపెనీ 1991లో తన షాంపూ సీసా పక్కల మీద గరుకు గీతలు పెట్టింది. కండిషనర్ సీసా నున్నగానే ఉంచింది. రెండు సీసాలూ ఒకే ఆకారంలో ఉంటే చేతికి తేడా తెలియడం లేదని చూపు లేనివాళ్లు చెప్పిన మాట విని చేసిన పని అది. ఆ గుర్తుని తన సొంతం చేసుకోకుండా మిగతా కంపెనీలు కూడా అదే వాడేలా చేసింది. అలా చేయడం వల్లే అది పనికొచ్చింది. ఒక్కో కంపెనీ ఒక్కో గుర్తు పెట్టుకుంటే నేను ఎన్ని గుర్తులని నేర్చుకోను? ఇంకో మాట. తలకి నురగ పట్టించుకున్నాక కళ్లు తెరిచేది ఎవరు? ఆ రెండు నిమిషాలూ అందరూ నాలాంటివాళ్లే. మీ కీబోర్డులో ఎఫ్, జె అక్షరాల మీదుండే చిన్న గీతల్ని, బటన్ల ఫోన్లో 5 మీదుండే చుక్కని ఒకసారి ముట్టుకు చూడండి. మీరు వాటిని రోజూ వాడుతున్నారు.

కళ్లు బాగున్నవాళ్లకి కూడా కళ్లు ఖాళీగా ఉండవు. 2017లో అమెరికా నేవీ ఓడ యూఎస్ఎస్ జాన్ ఎస్. మెక్‌కెయిన్ సింగపూర్ దగ్గర ఒక ట్యాంకర్ ఓడని గుద్దుకుని 10 మంది నావికులు చనిపోయారు. దర్యాప్తులో తేలిన కారణాల్లో ఓడని నడిపే టచ్ స్క్రీన్ కంట్రోళ్లు అయోమయంగా ఉండటం కూడా ఒకటి. 2019లో ఆ నేవీ తన యుద్ధనౌకల్లో వేగాన్ని మార్చే టచ్ స్క్రీన్లు తీసేసి, చేత్తో పట్టుకుని తోసే మీటలు మళ్లీ పెడతామని చెప్పింది. కార్ల భద్రతకి మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్, హారన్, వైపర్ లాంటివాటికి చేతికి తగిలే బటనో మీటో ఉంటేనే పూర్తి మార్కులు ఇస్తానంది. రోడ్డు మీదే చూపు పెట్టాల్సిన డ్రైవర్ వేలికి, నా వేలికి అవసరం ఒకటే. చూడకుండా దొరకాలి, దొరికాక నొక్కేదాకా ఆగాలి.

మా ఇంట్లో ఇది ఇంకోలా బయటపడింది. మా అమ్మకి 74 ఏళ్లు. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, దూరం బాగా కనపడుతుంది, దగ్గరవి చదవాలంటే అద్దాలు కావాలి. ఆ అద్దాలు ఎప్పుడూ ఇంకో గదిలో ఉంటాయి. పాత మెషిన్ జోలికే వెళ్లేది కాదు. "ఏదో నొక్కితే ఏదో అవుతుందిరా, నాకెందుకు" అనేది. కొత్తది వచ్చిన రెండో వారంలో నేను బయటికెళ్లి వచ్చేసరికి మెషిన్ తిరుగుతోంది. ఎవరేశారని అడిగితే "నేనే వేశాను, రెండు దుప్పట్లు. నువ్వు తిప్పేటప్పుడు చూశాలే, ఒక టక్కు కాటను కదా" అంది. అమ్మ గొంతులో ఆ మాట అన్నప్పుడున్న ఠీవి నాకింకా చెవుల్లో ఉంది. ప్రపంచంలో కనీసం 220 కోట్ల మందికి దగ్గరిదో దూరపుదో ఏదో ఒక చూపు లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదికలో రాసింది. అందులో నాలాంటివాళ్లు కొద్దిమందే. ఎక్కువమంది మా అమ్మలాంటివాళ్లు, అద్దాలు ఎక్కడో పెట్టి వచ్చినవాళ్లు. వాళ్లెవరూ తమని వికలాంగులనుకోరు, ఫలానా సౌకర్యం కావాలని అడగరు. ఊరికే "నాకెందుకులే" అని పక్కకి తప్పుకుంటారు. ఇలా తప్పుకున్నవాళ్లని ఎవరూ లెక్కపెట్టరు. నా బాధంతా అక్కడే.

అమెరికాలో రాన్ మేస్ అనే ఆర్కిటెక్ట్ ఉండేవారు. చిన్నప్పుడే పోలియో వచ్చి చక్రాల కుర్చీలో తిరిగేవారు. కొందరికి వేరుగా చేసి పెట్టడం కాకుండా మొదటే అందరికీ పనికొచ్చేలా చేయాలన్న ఆలోచనకి యూనివర్సల్ డిజైన్ అనే పేరు పెట్టింది ఆయనే. 1997లో ఆయనా, ఇంకొందరు డిజైనర్లూ కలిసి ఏడు సూత్రాలు రాశారు. అందులో ఒకటి, మనిషి పొరపాటు చేస్తాడని ముందే అనుకుని, ఆ పొరపాటు వల్ల నష్టం జరగకుండా చూసుకోవడం. మా అత్తగారి శాలువా గురించే రాశారా అనిపించింది నాకు మొదటిసారి విన్నప్పుడు. 2006 డిసెంబర్ 13న ఐక్యరాజ్య సమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో కూడా యూనివర్సల్ డిజైన్‌కి నిర్వచనం ఉంది. అంటే నేను అడిగేది దయ కాదు.

"చూపు లేనివాళ్ల కోసం ప్రత్యేకంగా చేసిన మెషిన్ కొనుక్కోవచ్చు కదా" అని నా మంచి కోరే స్నేహితుడే అడిగాడు. ప్రత్యేకంగా చేసింది వస్తే అది తక్కువ మంది కొంటారు, ఖరీదు ఎక్కువ ఉంటుంది, పాడైతే బాగుచేసేవాడు దొరకడు. అంతకంటే పెద్ద సంగతి, అది ఇంట్లో నా ఒక్కడి మెషిన్ అయిపోతుంది. ఇది అలా కాదు. మా అమ్మాయి లైటు వేయకుండానే తన బట్టలు మెషిన్‌లో వేస్తుంది, మా ఆవిడ ఫోన్లో మాట్లాడుతూ నాబ్ తిప్పుతుంది, అమ్మ దుప్పట్లు వేస్తుంది, నేను మిగతావన్నీ వేస్తాను. ఇది నా కోసం కొన్నదని బయటివాళ్లకి చెబితే తప్ప తెలియదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, దాచిపెట్టను. రెండు గంటల తర్వాత మొదలవ్వు అని ముందే పెట్టే వీలుంది గానీ, ఎన్ని గంటలకి పెట్టామో చిన్న స్క్రీన్ మీదే కనపడుతుంది, శబ్దం రాదు. నేను దాన్ని వాడటం మానేశాను. ఏదైనా తేడా వచ్చినప్పుడు మూడు బీప్‌లు వస్తాయి, కారణం మాత్రం స్క్రీన్ మీద కోడ్‌గా వస్తుంది. తలుపు సరిగా పడకపోయినా మూడే, నీళ్లు రాకపోయినా మూడే. తలుపుకి రెండు, నీళ్లకి నాలుగు అని పెట్టి ఉంటే చాలు. పొడుగు బీప్ ఆలోచన వచ్చినవాళ్లకి ఇది రాకపోవడం నాకు నిజంగా బాధనిపించింది. పిల్లలు ముట్టుకోకుండా పెట్టే లాక్ రెండు బటన్లు కలిపి నొక్కితే పడుతుంది, తుడుస్తుంటే ఒకసారి అదే పడింది. అది పడిందని తెలియక పావుగంట కొట్టుకున్నాను. ఇక వాడకం పుస్తకం చిన్న అక్షరాల కాగితం. ఫోన్ చదివి వినిపించగలిగే రూపంలో ఇవ్వమని కంపెనీకి మెయిల్ పెట్టాను. 11 రోజులకి పంపారు. మొదటి రోజే పెట్టెలో ఒక చీటీ మీద ఎక్కడ దొరుకుతుందో రాసి ఉంటే ఆ 11 రోజులు పోయేవి కావు.

కొనబోయేవాళ్లకి ఒక జాగ్రత్త. నాబ్ ఉంది కదా అని మోసపోవద్దు. ఇప్పుడు చాలా మెషిన్లలో నాబ్ ఉంటుంది గానీ అది ఊరికే గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, దానికి మొదలూ లేదు, గీతా లేదు. తిప్పితే చుట్టూ లైట్లు మారతాయి. కంటికి నాబ్‌లా ఉన్నా చేతికి అది గాజు పలకతో సమానం. షాపులో ప్లగ్ పెట్టకముందే నాబ్ పట్టుకోండి. ఒక గుర్తు వేలికి తగలాలి. ఒక పూర్తి చుట్టు తిప్పితే ఎన్ని టక్కులు వచ్చాయో లెక్క తెలియాలి, మళ్లీ తిప్పితే అదే లెక్క రావాలి. తర్వాత ప్లగ్ పెట్టించి, కళ్లు మూసుకుని బటన్ల మీద వేళ్లు అటూ ఇటూ జరపండి, నొక్కకుండా. ఏ బీప్ రాకపోతే అది మిమ్మల్ని చూడనిస్తోందని అర్థం. నేను ఇలా చేస్తుంటే అమ్మే అబ్బాయి మొదట అడ్డుపడ్డాడు, "సార్, నేను చూపిస్తాను" అన్నాడు. నన్నే చూసుకోనివ్వమన్నాను. తర్వాత తనే పక్కనున్న నాలుగు మోడళ్ల మీద కళ్లు మూసుకుని చేసి చూశాడు. రెండే పాసయ్యాయి.

మొన్న సర్వీసుకి వచ్చినాయన ఫిల్టర్ శుభ్రం చేసి, ఈ మోడల్ ఇంకెన్నాళ్లు ఉంటుందో చెప్పలేనన్నాడు. కొత్తవన్నీ పలకలే వస్తున్నాయట. మెషిన్ ఇంకో పదేళ్లు నడవొచ్చు గానీ ఎక్కువ తిరిగేది నాబే కాబట్టి అది ముందు అరగొచ్చన్నాడు. స్పేర్ దొరుకుతుందా అని అడిగాను. వారంలో తెచ్చిచ్చాడు. చిన్న ప్లాస్టిక్ కవర్లో ఉంది. గీత ఎత్తు ఒకసారి వేలితో చూసుకుని, నా బట్టల అలమరలో కింది అరలో పెట్టుకున్నాను.